కడపటివాడు వచ్చువఱకు

(ఇటీవల ఆదోనియందలి యొక పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసమున కిది పాఠము. ఎమ్మిగనూరు మిత్రులు కోరినందున నిందు ప్రకటించుచున్నాము.)



నేటి యుపన్యాసమునకు విషయము "పరుగు" అని పఠనమందిరపు పలకమీద వ్రాసియుండగా చూచి, మాతోటి ప్లీడరు మిత్రు డొకడు నవ్వి, "పరుగెత్తవలసినవారు మన కక్షిదారులు గదా, మనకేల?" అనెను. ఆయన పరిహాసమున సత్యము లేకపోలేదు. ఒక్క సర్వే నంబరు దిద్దించుకొనుటకై మన రైతు కచ్చేరీలచుట్టు తిరుగు దూరము ఏ పందెగాడును తిరిగియుండడు. ఈ వేదికమీదనే మేము తుంగభద్ర నీటినిగూర్చియు, ఆర్.డి.ఎస్. కుడికాలువనుగూర్చియు, వేదవతి యెత్తిపోతలనుగూర్చియు పలుమారులు మాటలాడితిమి. అట్టి మేము నేడు కాళ్లనుగూర్చి మాటలాడబూనుట కొందఱికి చిన్నతనముగా దోచవచ్చును. ఒక్క గంట యోర్చుకొనుడు. అంతకంటె నెక్కువసేపు మిమ్ము కూర్చుండబెట్టుట నేటి విషయమునకే విరుద్ధము.

మన పడమటి తాలూకాలలో పరుగను మాట పుస్తకములలోనిది; నోట నున్నది ఉరుకు. ఈ యుఱుకుట యెవరి పనియో చూడవలెనన్న తెల్లవారుజామున నాలుగున్నరకు ఏదేనొక కళాశాల మైదానమునకు పోవలెను. అచ్చట చీకటిలో పదునెనిమిది, ఇరువదియేండ్ల పిల్లలు గుంపులుగా చుట్లు తిరుగుచుందురు. పోలీసు కానిస్టేబులు కొలువునకు 1600 మీటర్ల పరుగుపరీక్ష కలదు. సైన్యమునకును దూర మంతియే. వారి పరుగు అర్జీవంటిది. కొలువు దొరకినవాడు దొరకినందున మానును. దొరకనివాడు వయస్సు మీఱినందున మానును. ముప్పదియేండ్లు దాటినవాడు వీథిలో పరుగెత్తుట కనబడినచో మన యూళ్లలో మొదట వినవచ్చు ప్రశ్న, "ఏమైంది సార్, ఎవరికేమైంది?" అనునదియే. ఆపదలేక పరుగు లేదని మన జనులకు గట్టినమ్మకము.

ఆపద యింటనే యున్నదని యెఱుగరు. భారత వైద్య పరిశోధన మండలివారి సహాయముతో దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్ల 10 లక్షలమంది. దాని యంచున నిలిచినవారు మఱి 13 కోట్ల 60 లక్షలమంది యని యందు తేలినది. ఇది పెద్దనగరముల జబ్బని తలంచుట పొరపాటు. ఆదోని ప్రత్తిమండీలలో ప్రొద్దున గద్దెమీద కూర్చుండిన వ్యాపారి రాత్రివఱకు లేవడు. అతని గుమస్తా అంతకంటె లేవడు. ఎమ్మిగనూరు నేతగాడు మగ్గపుగుంతలో దిగి కూర్చుండిన, వాని పాదములు తొక్కుడుచెక్కలమీద దినమంతయు నాడును. గుండె మాత్రము కదలకుండును. మా న్యాయవాదుల సంగతి చెప్పనక్కఱలేదు: వాయిదా పిలుచువఱకు బల్లమీద, పిలిచిన పిమ్మట నైదు నిమిషములు నిలుచుట, మరల బల్లమీద. వారమునకు 150 నిమిషములైన ఒడలు చెమర్చునట్లు నడచుటయో, అందు సగముసేపు పరుగెత్తుటయో పెద్దల కావశ్యకమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో నిర్ణయించినది. కండరము పనిచేయునపుడు నెత్తురులోని చక్కెరను తానే లాగికొనును. ఏ మాత్రయు నీ పనిని సంపూర్ణముగా చేయజాలదు.

ఇంతవఱకు మీరెఱిగినదియే. ఎఱిగియు నేల చేయము? బద్ధకమందురు కొందఱు. మేమును చాలకాల మట్లే యనుకొంటిమి. మా తప్పు మాకు తెలిసినవిధమును ముందు చెప్పెదము.

క్రిందటి చలికాలమున మేమాఱుగురము కూడితిమి: ఇద్దఱు వకీళ్లము, ఒక యుపాధ్యాయుడు, ఒక బ్యాంకి యుద్యోగి, ఒక మందుల యంగడివాడు, కానిస్టేబులు పరీక్ష రెండుమార్లు తప్పిన యొక యువకుడు. ప్రతి యాదివారము ప్రొద్దున నూరివారిని పిలిచి పరుగెత్తించుదమని పూనితిమి. యువకుడు ఈల యూదుచుండెను. మాలో నొకరు గడియారము పట్టి, యెవ డెన్ని నిమిషములకు వచ్చెనో కాగితముమీద వ్రాసి, తుదిని చదివి వినిపించుచుండెను. మొదటి యాదివారము పందొమ్మిదిమంది వచ్చిరి. నాలుగవ యాదివారమునకు తొమ్మండుగురు. ఆఱవ యాదివారమున చూడగా మఱల మేమాఱుగురమే. మన జనులలో పట్టుదల లేదని యొకరి నొకరము ఓదార్చుకొని చాయ త్రాగితిమి.

వచ్చి మానినవారిలో ప్రత్తిమండీ గుమస్తాయగు పెద్దమనుష్యు డొకడుండెను. ఏబదియెనిమిదేండ్లవాడు, చక్కెరజబ్బు గలవాడు, పంచె యెగగట్టి గుడ్డబూట్లు తొడిగి వచ్చెడివాడు. రెండవ యాదివారము మేము మైదానము విడిచి రణమండల కొండ దిక్కునకు రోడ్డుమీద పరుగుదీసితిమి. ఆయన వెనుకబడెను. మేము తిరిగి మఱియొక వీథిని వచ్చి, గేటుప్రక్కనున్న చాయదుకాణమున కూర్చుంటిమి. ఆయన వచ్చెనో లేదో యెవరును చూడలేదు. రెండు నెలల పిమ్మట నొక దావాపనిమీద వాని వీథికి పోయి, యరుగుమీద లెక్కలు చూచుకొనుచున్న యాయనను, కాళ్లనొప్పులు తగ్గినవా యని యడిగితిమి. ఆయన కలము క్రిందబెట్టి చెప్పిన మాటలివి:

"కాళ్లు నొచ్చి రాలేదనుకుంటిరా వకీల్ సాబ్? కాళ్లకేం కాలేదు. చీకట్లో కుక్కలు ఎంటబడితే నిలబడి నిలబడి వస్తి. గేటుకాడికొచ్చి చూస్తే ఎవరూ లేకపోయిరి. మీరంతా చాయ తాగుతా నవ్వుతాంటిరి. నా గురించే నవ్వుతాన్నారేమో అనుకుని ఇంటికి పోతి."

మేము నవ్వినది ఆయననుగూర్చి కాదు. ఏదో కోర్టు ముచ్చట. కాని యా మాట యాయనతో చెప్పుటకు నోరు రాలేదు. సాక్ష్యమంతయు మాకు ప్రతికూలముగ నుండెను. అట్లే తక్కిన పన్నిద్దఱిని వెదకికొని పోయి యడిగితిమి. ఒకడు తన సమయము పదుగురిలో చదువుట వలన సిగ్గుపడెను. ఒక యుపాధ్యాయురాలు, ఆడువారు తానొక్కతెయే యగుటచే రెండవమారు రాలేదు. ఒకనికి మోకాలు పట్టెను. మొదటి దినముననే మూడు కిలోమీటర్లు ఆగక పరుగెత్తించినది మేమే. బద్ధకముచే మానినవాడు పన్నిద్దఱిలో ఒక్కడు. వాడును నిజము చెప్పుటకు సిగ్గుపడలేదు.

ఆ పిమ్మట, ఇట్టి సంఘములు నిలిచినచోట నెట్లు నిలిచినవో చదువ మొదలిడితిమి. న్యూజిలాండు దేశపు ఆక్లండు నగరమున ఆర్థర్ లిడియార్డ్ అను పరుగుల గురువుండెను. ఒలింపిక్కు విజేతలను తయారుచేసినవాడు. ఆయన ప్రోత్సాహమున 1962లో నచ్చట సామాన్యుల పరుగుసంఘ మొకటి వెలసినది. గుండెపోటు వచ్చి బ్రదికినవారును అందు చేరిరి. కొలది నెలలకే అమెరికానుండి బిల్ బోవర్‌మన్ అను ప్రసిద్ధుడైన శిక్షకుడు దానిని చూడవచ్చెను. ఏబదియొక్కయేండ్లవాడు, ఎందఱినో పందెగాండ్రను తీర్చినవాడు. వారితో కలిసి పరుగుదీసి, కొంతదూరము పోవగానే రొప్పుచు వెనుకబడెను. అపుడు గుంపులో డెబ్బదియేండ్లు దాటి, గుండెపోటు పలుమారు లనుభవించిన ముసలివా డొకడు వెనుకకు వచ్చి, ఆయన ప్రక్కనే మాటలాడుచు తుదివఱకు నడిపించెను. బోవర్‌మన్ తన దేశమునకు పోయి ఆ విద్యను బోధించి, 1967లో దానిపై గ్రంథము ప్రకటించెను. అమెరికాలో సామాన్యులు వీథులలో పరుగెత్తుట కది గొప్ప ప్రేరణ మయ్యెను. ఆ ముసలివాడు మాటలాడుచు పరుగెత్తెనన్న సంగతి గుర్తుంచుకొనుడు. దానితో మఱల పని యున్నది.

లండనునందు బుషీ ఉద్యానమున 2004 అక్టోబరు 2వ తేదీన పాల్ సింటన్ హెవిట్ అను నతడు కాలు దెబ్బతిని తాను పరుగెత్తలేని స్థితిలో నుండి, మిత్రులకొఱకు అయిదు కిలోమీటర్ల పరుగు నొకటి యేర్పఱచెను. పరుగెత్తినవారు పదుమువ్వురు. నేడది పార్క్‌రన్ అను పేర పెక్కుదేశముల ప్రతి శనివారము జరుగుచున్నది. రుసుము లేదు. పనిచేయువారందఱు స్వచ్ఛంద సేవకులు. అందు మాకు నచ్చిన యేర్పాటొకటి కలదు: అందఱికంటె వెనుక నడచుట కొక సేవకుని ముందుగనే నియమింతురు. వాడు ఎవరిని దాటిపోడు. అందువలన కడపటి స్థానము ఎపుడును సేవకునిదే. వచ్చినవారిలో నెవరును కడపటివారు కారు.

ఇది చదివినపుడు మాకు సిగ్గు కలిగెను. దూరదేశమువారు చెప్పవలసిన సంగతి కాదిది. మన సాగునీటి పాదయాత్రలలో మేమే దీనిని చేసియున్నాము. ముందు జెండా పట్టుటకు పదుగురు పోటీపడుదురు. వెనుక నొకడు మందులసంచి, నీళ్లడబ్బా పట్టి, చెప్పు తెగినవానిని, కన్ను తిరిగినవానిని చూచుకొనుచు నడచును. పత్రికలలో వాని ఛాయాపటము పడదు. వానినే మేము వెనుకకాపు అందుము. మందవెనుక కాపరి నడచు రీతియే యిది. 1930 మార్చి 12న మహాత్ముడు 78మంది యనుచరులతో సబర్మతినుండి బయలుదేరి 24 దినములలో సుమారు 240 మైళ్లు నడచెనన్న సంగతిని ప్రతి సభలో చెప్పుచుందుము; దినమునకు పది మైళ్లు చొప్పున, అనగా పల్లెవాడెవడైనను కొంతదూరము తోడు రాదగినట్లు, నడచెనని మాత్రము చెప్పము. పాదయాత్రలో నెఱిగిన దానిని మైదానమున మేమెట్లు మఱచితిమి? పరుగనగానే పందెమను బుద్ధి మాలో బడిలోనే నాటుకొనియుండెను.

మన తెలుగునేలపైననే హైదరాబాదు రన్నర్స్ అను సంఘము 2007నుండి పనిచేయుచున్నది. ఎన్నడు పరుగెత్తనివారిని అయిదు కిలోమీటర్లకు తెచ్చు శిక్షణ వారి పనులలో నొకటి. ఈ శిక్షణకు మూలము అమెరికాలో 1996లో జాష్ క్లార్క్ అను యువకుడు ఏబదియేండ్లు దాటిన తన తల్లికొఱకు వ్రాసిన తొమ్మిదివారముల పద్ధతి. వారమునకు మూడు దినములు మాత్రమే. మొదటివారము, అయిదు నిమిషములు చుఱుకుగా నడచి, తరువాత అఱువది సెకండ్లు పరుగు, తొంబది సెకండ్లు నడక, మరల పరుగు, మరల నడక, ఇట్లిరువది నిమిషములు. వారము వారము పరుగుపాలు పెరుగును, నడకపాలు తరుగును. తొమ్మిదవవారమునకు అరగంట ఆగక పరుగెత్తగలుగుదురు. తొమ్మిది పదునెనిమిదియైనను నష్టము లేదు. మన మొదటి తప్పు ఇచ్చటనే యున్నది. ఊపిరి కొన్నివారములలో అలవడును. మోకాలిచుట్టును, మడమవెనుకను నుండు స్నాయువులు గట్టిపడుటకు నెలలు పట్టును. ఊపిరి పొమ్మనును, కాలు వలదనును. ఊపిరిమాట వినినవాడు మంచమెక్కును.

ఎంతవేగమున పోవలెనని యడుగుదురు. ఆ ముసలివాని పద్ధతియే: ప్రక్కవానితో పూర్తివాక్యము చెప్పగలిగినంత వేగము. మాట తెగినచో వేగ మధికమని తెలిసికొని నడకకు దిగవలెను. దీనికి గడియార మక్కఱలేదు, మనవారికి మాటలకు కొదువ లేదు. మండీ ధరలను, సినిమాలను, కోడండ్రను గూర్చి మాటలాడుచు పరుగెత్తు గుంపును చూచి నవ్వువారు నవ్వుదురు గాక, వైద్యశాస్త్రము వారిపక్షముననే యున్నది.

ఇక మిక్కిలి ముఖ్యమైన యుపాయము. వడిగలవాడును, మందగాడును కలిసి పోవు టెట్లు? వడిగలవానిని ఆపినచో వాడు విసుగును. మందగానిని తఱిమినచో వాడు మానును. దీనికొక చిన్నయుక్తి కలదు. దూరమును కొలువక కాలమును కొలువుడు. లారీలు తిరుగని మట్టిబాటమీద అందఱును ఒక్కచోటనుండి బయలుదేరుదురు. పదునైదు నిమిషములు కాగానే ఈల. ఎవ డెచ్చట నున్నను అచ్చటనే వెనుదిరుగవలెను. అందఱికంటె ముందున్నవాడు ఆ క్షణమున నందఱికంటె వెనుకనుండును. కడపటివాడు మొదటివా డగును. ఎవరి వేగమున వారు తిరిగివచ్చినచో పదునైదు నిమిషములకు అందఱును ఇంచుమించు ఒక్కమారే బయలుదేరినచోటికి చేరుదురు. మేము దీనిని మొదటిమారు చేసిన దినమున, మా యువకుడు రెండు కిలోమీటర్ల అవతలినుండి మమ్ము తఱుముకొని వచ్చుటయు, ముందున్న పెద్దలు వాడు దాటకుండ పిల్లలవలె కేకలు వేయుచు పోవుటయు మేమిదివఱ కెన్నడు చూడని వేడుక. గేటువద్ద నెవరు మొదట చేరిరో యెవరును అడుగలేదు.

మా పద్ధతులు మార్చుకొంటిమి. సమయములు వ్రాయుట మానితిమి; వచ్చినవారి పేర్లు మాత్రము వ్రాయుదుము, వరుసగా రెండు వారములు రానివారి యింటికి నొకరము పోయి పలుకరింతుము. వెనుకకాపు వచ్చువఱకు ఎవరును చాయ త్రాగరాదు. ఈ కడపటి నియమము మాలో కొందఱికి మిక్కిలి కష్టమైనదని యొప్పుకొనవలెను.

స్త్రీల సంగతి. ఆదోనిలో ఎందఱో స్త్రీలు మేడలమీద, మూయబడిన గోడలనడుమ, తెల్లవారకమునుపు నడచుచున్నారు. వారికి కాళ్లు లేక కాదు, వీథి లేక. ఒలింపిక్కు క్రీడలలోనే స్త్రీలకు మారథాను పందెము 1984వఱకు లేకుండెను. అంతదూరము స్త్రీ దేహ మోర్వదని పెద్దలు నమ్మిరి. మనవా రిప్పటికి నమ్మువారున్నారు. ఆడువారి గుంపునకు ఆడువారే నాయకురాండ్రు కావలెను. దీపములున్న చోటు, తెలిసిన వేళ కావలెను. చీర గట్టినవారు చీరతో, బురఖా వేసికొన్నవారు బురఖాతో రావచ్చును. తొడుగులనుగూర్చి మగవారి సలహా అక్కఱలేదని మొదటిదినమే చాటితిమి. ఆ యుపాధ్యాయురాలు మరల వచ్చినది. తనవెంట నలుగురిని తెచ్చినది. ఒక పేటకు ఆమె పోయి చెప్పినచో వచ్చినవారు, మేము పది కరపత్రములు పంచినను రాలేదు.

అంగవైకల్యము గలవారినిగూర్చి మన సభలలో జాలిమాటలు చాల వినబడును. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవాంజి దీప్తి చిన్ననాట బుద్ధిమాంద్యముచే నెగతాళికి గుఱియై, 2024లో పారిస్ పారాలింపిక్కులలో 400 మీటర్ల పరుగున కంచుపతకము గొనివచ్చెను. ఆమెను కీర్తింపనివారు లేరు. కాని పతకము తేని దీప్తులు మన పేటపేటకు నున్నారు; వారిని పరుగునకు పిలిచినవారెవరు? చేయవలసిన దెంతయో కాదు. చెవిటివాడున్నచో ఈలతోబాటు ఎఱ్ఱగుడ్డ యూపవలెను. కన్నులు లేనివాడు పరుగెత్తవలెనన్న, చూపుగలవాడు ప్రక్కన నుండి ఇద్దఱును ఒక త్రాటి రెండుకొనలు పట్టుకొని పోవుట లోకమంతట నున్న పద్ధతి. మనకు త్రాడేల, ఎమ్మిగనూరు తువాలుండగా? ఒక కొన అతనిచేత, ఒక కొన మనచేత. గుంటయున్నదని, మలుపున్నదని నోట చెప్పుచుండిన చాలును. మాలో నొక తువాలు జత యున్నది. ఆ జోడు వడిగా పోవునపుడు మేమందుకొనలేము. చక్రముల బండిమీద వచ్చు యువకునికి మట్టిబాట పనికిరాదు. అతని కొఱకు నెలకొక యాదివారము సిమెంటురోడ్డునకు మారుచున్నాము. నెలకొకమారు చాలదని యతడనుచున్నాడు, అతనిమాట నిజము.

ఇచ్చట మేము చెప్పక తప్పని మాట యొకటి కలదు. మండీలో హమాలీపని చేయు సోదరు నొకనిని మేము పరుగునకు పిలువగా, "పొద్దుగూకులు మూటలు మోస్తాం గద సామీ, ఇంగ ఉరకల్లంటే ఎట్ల?" అనెను. మాకు జవాబు లేదు, ఉండరాదు కూడ. చెమటోడ్చి బ్రదుకువానికి వ్యాయామము బోధించుట, ఉపవాసమున్నవానికి పథ్యము చెప్పుటవంటిది. వానికి కావలసినది నడుమునొప్పికి వైద్యుడు, మూటబరువునకు హద్దు, వారమునకొక సెలవు. కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు పల్లెలనుండి వేలకుటుంబములు సుగ్గి పనులకు గుంటూరు మిరపచేలకు వలసపోవుచున్నవి. నీరు లేని నేలనుండి జనము చేయు ఈ పరుగును మేము మఱచి, ఆరోగ్యపు పరుగును పొగడుచున్నామని యెవరైన నిందించినచో తలవంచుకొందుము. మా సంఘమున చేరిన ఇద్దఱు యువకు లీ యేడు వలసపోయిరి. వారి పేర్లు మా పుస్తకమున నట్లే యున్నవి, కొట్టివేయలేదు. హమాలీ సోదరుడు తన కూతును మాత్రము పంపుచున్నాడు. తాను గేటువద్ద కూర్చుండి చూచును. అదియు చేరుటయే యని మేము లెక్కించుచున్నాము.

ఆదోని, ఎమ్మిగనూరు 1953 అక్టోబరు 1వ తేదీవఱకు బళ్లారి జిల్లాలోనివి. నేటికిని మన వీథులలో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును. ప్రకటన తెలుగున మాత్రమే వ్రాసి, ముస్లిము సోదరులు రాలేదనుట న్యాయము కాదు. రంజాను నెలలో ఉపవాసమున్నవారు పగలు నీరైన త్రాగరు. అపుడు వారమున కొకదినము ఇఫ్తారు పిమ్మట రాత్రివేళకు కూటమి మార్చవలెను. అందఱును రాత్రివేళ నడచినచో నష్టమేమి? జాతిభేదము గిట్టదని వేదికలెక్కి చెప్పుదుము. మైదానమున చిన్నవానిని "ఒరే" అనియు, పెద్దకులమువానిని "స్వామీ" అనియు పిలుతుము. అందఱిని అన్నా, అక్కా యనియే పిలువవలెనని యనుకొంటిమి. నోరు తిరుగుటకు కాలు తిరుగుటకంటె నెక్కువకాలము పట్టినది.

ధనముమాట. ఇందుకు చందా లేదు, ఉండరాదు. వేలరూపాయల బూట్లు కొననక్కఱలేదు. మడమవద్ద మెత్తనై, వ్రేళ్లకు చోటున్న బూట్లు చాలును. ఒక నాయకుడు రెండువందల బనియనులు ఇచ్చెదనని కబురంపెను. వానిపై తన బొమ్మ ముద్రింపవలెనట. మఱుసటివారము ఎదుటి పక్షమువారు రారు గదా యని, వందనములు చెప్పి వలదంటిమి. పురపాలకసంఘమువారిని మేమడుగునవి మూడే: మైదానము గేటు అయిదు గంటలకు తెఱచుట, రెండు దీపములు, స్త్రీలకొక మరుగుదొడ్డి. ఈ మూటికి అర్జీ వ్రాసియున్నాము. అర్జీలు వ్రాయుట మా వృత్తి గదా.

కొన్ని జాగ్రత్తలు. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు ముందు వైద్యుని చూడవలెను. చక్కెరకు మందు వాడువారు జేబులో బెల్లపుముక్కయో, చక్కెరయో యుంచుకొనవలెను. ఇంటికి పోయి పాదములు చూచుకొనవలెను, వారికి పుండు పడినది తెలియదు. మార్చినుండి జూనువఱకు మన యెండ నలువది డిగ్రీలు దాటును, ఆఱున్నరకు ముగించవలెను. వాన కురిసినచో నల్లరేగడి బాటను ముట్టరాదు. ఒక్కొక బూటునకు శేరు మన్ను పట్టును. కుక్కలు వచ్చినచో పరుగాపి నడువుడు. గుంపుగా నున్నవారి నవి కఱచుట అరుదు, ఒంటరివానినే చూచును. మా గుమస్తాగారి కిది మాకంటె బాగుగా తెలియును.

ఎమ్మిగనూరు మిత్రులకు విశేషించి యొక మాట. మీ యూర 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకారసంఘమును స్థాపించిరి. దేశమంతట దాని పేరు వినబడినది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఒక్కొక్కడుగా సాహుకారుచేత చిక్కిన నేతగాండ్రు పదుగురై నిలువగలిగిరని దాని కథ. కూటమి కట్టుట మీకు క్రొత్తవిద్య కాదు. మగ్గము దిగినవాని నడుము వంగియుండును. కావున మీరు పరుగుకంటె ముందు ఒక నెల నడకయు, నడుము చాచుటయు నేర్పుడు. వేళయును ప్రొద్దున కాక, మగ్గము కట్టివేసిన సాయంకాలమే మీకు తగునేమో, నేతగాండ్రనే యడిగి నిర్ణయింపుడు. మాకంటె తక్కువ తప్పులతో మొదలిడుదురని నమ్ముచున్నాము. మీ యూరికిని మాకును సుమారు ముప్పది కిలోమీటర్లు. బస్సుమీద వచ్చి మూడు నాలుగు వారములు మీ వెనుకకాపుగా నిలుచుటకు మాలో నిద్దఱు సిద్ధముగా నున్నారు.

గుమస్తాగారి సంగతి తరువాత ఏమయ్యెనని మీరడుగుదురు. మేము మూడుమార్లు ఆయన యింటికి పోతిమి. మొదట రెండుమార్లు చూతమనెను. మూడవమారు, "నాకు ఉరుకుడు వద్దు, ఎనక నడిచేది ఇయ్యండి," అనెను. ఇపుడు నెలకు రెండాదివారములు ఆయనయే మా వెనుకకాపు. చేత పెద్ద టార్చి, జేబులో బెల్లము, కుక్కలకు నాలుగు బిస్కెట్లు. ఆయన వచ్చువఱకు చాయదుకాణముదిక్కు చూచుటకు మాకు ధైర్యము చాలదు.

వచ్చు ఆదివారము ప్రొద్దున అయిదున్నరకు బయలుదేరెదము. పేరు వ్రాయుటకు పుస్తకము ఈ పఠనమందిరపు బల్లమీద, పత్రికలప్రక్కన నున్నది. టార్చి యున్నవారు తెచ్చుకొనుడు. గేటుదగ్గఱి దీప మింకను వెలుగుట లేదు.